నేను ఉతికిన శాలువా

బేరూత్ నగరం బస్తా పేటలో లాండ్రీ నడుపుకుంటున్న విదాద్ సుక్కరియే అనే నేను, తౌఫీక్ గారి కూతురిని, వయసు అరవై ఎనిమిది, నా స్వహస్తాలతో రాస్తున్న వీలునామా. ఊపిరితిత్తులు పాడయ్యాయి గానీ బుద్ధి స్థిమితంగానే ఉంది. ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టి బతికి బట్టకట్టినవాళ్లూ లేరు.

1. లాండ్రీ దుకాణం, వెనక గది, ఇస్త్రీ బల్లలు నా మేనకోడలు సుహాకు సర్వహక్కులతో చెందాలి. ఒక్కటే షరతు. ఇల్లు కూలినవాళ్లు, ఆస్పత్రి పాలైనవాళ్లు మనల్ని నమ్మి వదిలి వెళ్లిన జంతువులు ఆ గదిలో ఉన్నాయి. యజమాని తిరిగొచ్చేదాకా దేన్నీ బయటికి పంపరాదు. కొత్తగా ఏది వచ్చినా, యజమాని ఒంటిమీంచి విడిచిన, ఉతకని బట్ట ఒకటి అడిగి తీసుకో సుహా. ఆ వాసన ఉంటేనే అవి నిద్రపోతాయి, నాలుగు మెతుకులు ముడతాయి.

2. తమ్ముడు అద్నాన్‌కు నా నల్ల గొడుగు. బాంబులు పడే రోజుల్లో పదిమందిలో నన్ను నిలబెట్టి, "మనుషులకే తలదాచుకునే దిక్కు లేదు, నీకు కుక్కల సత్రం కావాల్సొచ్చిందా అక్కా" అని నవ్వాడు. గొడుగుకి ఒక ఊచ విరిగింది. వాడే బాగుచేయించుకుంటాడు.

3. క్యాన్సర్ వైద్యానికి వెళ్తూ పిల్లిని నా దగ్గర ఉంచిన ఇల్హామ్‌కు నా ఉన్ని దుప్పటి. ఫోన్ చేసిన ప్రతిసారీ "అది నన్ను మర్చిపోలేదు కదమ్మా?" అని అడుగుతుంది పిచ్చిది. లేదమ్మా, మర్చిపోలేదు. దుప్పటిని పిల్లి ఇప్పటికే పీకి పెట్టింది, ఏమీ అనుకోవద్దు.

4. ఇది అబూ నిజార్‌కు. దక్షిణ లెబనాన్‌లో ఆయన ఇంటిమీద బాంబు పడి భార్య నుహాద్ పోయింది. ఆయనా, ఆమె పెంచిన కుక్క సిమ్‌సిమ్ మిగిలారు. తలదాచుకున్న బడిలోకి కుక్కల్ని రానివ్వలేదు. నాకు అప్పగిస్తూ నుహాద్ శాలువా కూడా ఇచ్చి, "దీన్ని దులపను కూడా దులపకు చెల్లెమ్మా. ఆమె వాసన ఇక ఇందులోనే ఉంది" అన్నాడు.

నాలుగోనాడు కుక్క దానిమీద వాంతి చేసుకుంది. నలభై ఏళ్లుగా మరకలు వదలగొట్టిన చేతులు నావి. ఆలోచన కూడా లేకుండా సబ్బు నీళ్లలో నానబెట్టాను, ఉతికాను, ఇస్త్రీ చేసి మరీ దాని కింద పరిచాను. సిమ్‌సిమ్ వాసన చూసి గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ ఏమీ తినలేదు. తొమ్మిదోనాడు చచ్చిపోయింది.

ఆయన వచ్చి అడిగితే, బాంబుల చప్పుడుకి బెదిరి శాలువా నోట కరుచుకుని పారిపోయిందని చెప్పాను. చచ్చిందనడం కంటే నయమనుకున్నాను. ఎంత బుద్ధితక్కువదాన్ని! అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం నమాజు కాగానే ఆ ముసలాయన మోకాళ్ల నొప్పులతో సిమ్‌సిమ్ కోసం ఈల వేస్తూ ఈ సందులన్నీ తిరుగుతున్నాడు. చివర్లో నా గుమ్మం ముందు ఆగి "ఏమైనా కబురుందా చెల్లెమ్మా?" అంటాడు. లేదంటాను. కాఫీ ఇస్తాను. ఆయన నాకోసం దువా చేసి వెళ్తాడు. ఆ దువా వింటుంటే చచ్చిపోవాలనిపిస్తుంది.

శాలువా నా బీరువా కింది అరలో ఉంది, ఆయనకు చెందాలి. కుక్కను దుకాణం వెనక పెరట్లో, నీళ్ల తొట్టి పక్కన పాతిపెట్టాను.

నేను పోయాక ఇదంతా సుహా ఆయనకు చెప్పాలని మొదట రాసి, ఆ వాక్యం కొట్టేశాను. కొట్టివేత నాదే. నేను పోయేదాకా ఆయన్ని తిప్పడం ఏం న్యాయం? రేపు శుక్రవారం. ఈ కాగితం ఆయన చేతికే ఇస్తాను.

గురువారం, 13 నవంబరు 2025న రాశాను.
(సంతకం) విదాద్ సుక్కరియే

సాక్షులు:
1. రమ్జీ హబ్లీ, పశువైద్యుడు.
2. ఖలీల్ దర్వీష్, అబూ నిజార్ అంటారు. శుక్రవారం, ఆమె గుమ్మంలో నిలబడి మొత్తం చదివాను. ఈ సంతకం చదివినందుకు మాత్రమే.