మగ ఈగ నా దగ్గర, ఆడ ఈగ నీ దగ్గర

రేపల్లె,
12 నవంబరు 1991.

శేషారత్నానికి,

రిబ్కా రాస్తున్నాను. మోకాళ్ల సంగతి తప్పిస్తే ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ, మీవారు జగన్నాథరావుగారూ బాపట్లలో చల్లగా ఉన్నారని తలుస్తాను. కవరు మీద నా దస్తూరీ చూడగానే చించి పారేస్తావేమోనని భయం. చించితే చించావు గానీ, చదివి చించు.

మనం పాఠాలు చెప్పిన కాలేజీలో రిటైరయ్యాక తెనాలి గది ఖాళీ చేసి రేపల్లె వచ్చేశాను. ఆదివారం గుడికి వెళ్తాను, అందరూ వందనాలు చెబుతారు. మళ్లీ ఆదివారం దాకా నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లుండరు. ఒక్కదానికి వంటేంటని మధ్యాహ్నం కూడా పొద్దుటి ఇడ్లీతోనే సరిపెట్టేస్తున్నాను. నువ్వుంటే తిట్టేదానివి. తిట్టేవాళ్లు కూడా లేకపోవడం ఎంత కష్టమో ఇప్పుడే తెలుస్తోంది.

సరే, అసలు సంగతి. మన మీసాల ఈగను మళ్లీ బయటికి తీశాను. అదేనే, సూర్యలంక సరుగుడు తోటలో జతకట్టి ఉండగా మనం పట్టిన వేట ఈగలు. అంతకుముందే ఎండు పుల్ల మీద కదలకుండా కూర్చుని, ఎగిరిపోయే తేనెటీగను అమాంతం వాటేసుకుని, ముక్కు గుచ్చి పీల్చేసిందే, ఆ దొంగది! ఇంతవరకూ ఎవరూ వర్ణించని కొత్త జాతి అనుకుని ఇద్దరం ఇసకలో గంతులేశాం. తిరుగు రైల్లోనే పోట్లాట మొదలైంది. పత్రికకు పంపే వ్యాసంలో ముందు ఎవరి పేరు ఉండాలని. వల వేసింది నేను కదా అన్నాను. నువ్వు మాత్రం, "చూసిన కళ్లు నావి. నీ వలకేం తెలుసే?" అన్నావు. తెనాలిలో దిగేసరికి ఆడ ఈగను అగ్గిపెట్టెలో పెట్టుకుని విసవిసా వెళ్లిపోయావు. మగది నాకు మిగిలింది. తరవాత నీకు బాపట్ల బదిలీ అయింది, మనకు మాటల్లేకుండా పోయాయి. ఏడేళ్లు, రత్నం.

మగదాని వర్ణన రాశాను. బూడిద రంగు ఒళ్లు, ఎర్రటి తొడలు, రెండు కళ్ల మధ్య పల్లం, ముఖాన తెల్లటి గరుకు మీసం. భూతద్దంలోంచి చూస్తూ దాంతో మాట్లాడుతున్నాను కూడా. నవ్వకు. కానీ ఆడదాని వర్ణన లేందే వ్యాసం సగమే. అది నీ దగ్గర భద్రంగానే ఉంటుంది. నామీద ఎంత కోపమున్నా దాని పక్కన కలరా ఉండలు మార్చడం మానవు, నీ సంగతి నాకు తెలీదా.

ఆ పెట్టె పట్టుకుని రావే. పోస్టులో మాత్రం పంపకు, కాళ్లు విరిగిపోతాయి. వ్యాసంలో నీ పేరే ముందు వేద్దాం. వచ్చే ఆదివారం తెనాలి దాకా రా. నేను ప్లాట్‌ఫారం మీదే ఉంటాను, ఇద్దరం కలిసి రేపల్లె బండి ఎక్కుదాం. గుడి మానేస్తాను, పాస్టరుగారు ఏమైనా అనుకోనీ. దోసకాయ పచ్చడి నూరి ఉంచుతాను.

ఇట్లు,
నీ మీద కోపమంతా అయిపోయిన
రిబ్కా

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. మొన్న వేసవిలో మద్రాసు వెళ్లినప్పుడు అక్కడి మ్యూజియంలో బతిమాలి కీటకాల సొరుగులు తెరిపించుకున్నాను. ఒకదాంట్లో మన ఈగే ఉంది. అదే మీసం, అవే తొడలు. మనం పుట్టకముందే ఎవరో పట్టి, వర్ణించి, పేరు కూడా పెట్టేశారు. నీ పేరూ అక్కర్లేదు, నా పేరూ అక్కర్లేదు. వ్యాసమే లేదు. ఆ సొరుగులో మగదీ ఆడదీ పక్కపక్కనే గుచ్చి ఉన్నాయి. అక్కడే నిలబడి ఏడ్చాను. ఈ మాట ముందే రాస్తే నువ్వు రావడానికి ఇంకేం కారణం ఉంటుందని దాచాను. ఆదివారం ప్లాట్‌ఫారం మీద ఉంటాను. పెట్టె తేకపోయినా సరే, రావే.