పచ్చి కట్టెలు

నవంబరు, గురువారం. చలి మొదలైంది.

ఆదివారం నా భార్య సుజాత పసిబిడ్డతో ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తుంది. గ్యాసు వంటకే చాలడం లేదు. చలికాలమంతా ఇద్దరి స్నానాలకీ కట్టెలపొయ్యి మీదే నీళ్ళు కాగాలి. అందుకే ఇవాళ సెలవు పెట్టి కట్టెల కోసం తిరిగాను.

కంచరపాలెంలో కట్టెల అడితి నడిపే ముసలావిడ తూకం వేయడానికే ఒప్పుకోలేదు. "ఇయ్యి పచ్చివి బాబు. పది రోజులు ఎండాల. ఇప్పుడు తూసి ఇస్తే నీకు నీళ్ళమ్మినట్టే" అంది. నిజం చెప్పే మనిషి దొరికిందని సంబరపడ్డాను. సంబరపడుతూనే గోపాలపట్నం వెళ్ళి, ఇంకొకడి దగ్గర రిక్షా నిండా కొన్నాను. "ఎండిపోనాయి బావా, నాను సెప్తన్నాను కదా" అంటూ వాడు రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూపించాడు.

సాయంత్రం అంటిస్తే కట్టెల చివర్ల నుంచి నురగ కారింది. పెరడంతా పొగ. అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ, "పసిబిడ్డ వచ్చే ఇంట్లో ఈ పొగేమిటి బాబూ?" అన్నారు. మోసపోయానని చెప్పాను.

మోసపోయానా? ఎండిన కట్టెలు కొడితే ఖంగుమంటాయని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వాడు కొట్టినప్పుడు దబ్బుమంది. నేను విన్నాను. విని కూడా ఎందుకు తలూపానో అర్థం కావడం లేదు. పది రోజులు ఆగమన్నందుకు ఆవిడ మీద కోపం వచ్చిందా?

తన ఇంటికని దాచుకున్న ఎండు కట్టెలేమైనా ఇస్తుందేమో, రేపు ఆ ముసలావిడనే అడగాలి. ఏమైందని అడిగితే, వాడు మోసం చేశాడనే చెప్తానేమో. ఆవిడ నమ్ముతుంది కూడా.