వీరభద్రుడి కత్తికి పట్టుముడి

శుక్రవారం, మచిలీపట్నం

పెడనలో మగ్గం నేసే వీరాస్వామి గారు ఈ మధ్యాహ్నం వీరభద్రుడి కత్తి తెచ్చారు. ఏటా సంబరానికి ముందు దాని పిడికి పట్టుతాడుతో పువ్వుముడి వేసేది పట్టుతాళ్లు అల్లే మా ఆయనే. నాలుగు నెలల కిందట పక్షవాతంతో ఈయన కుడిచెయ్యి పడిపోయిందని పాపం వీరాస్వామి గారికి తెలియదు.

"ఇంకెవరి చేతైనా వేయించుకోండి," అని ఈయన గోడవైపు తిరిగిపోయారు.

"మీరు వెయ్యకపోతే ముడి లేకుండానే ఊరేగిస్తామండీ మస్తాన్ గారూ," అని వీరాస్వామి గారు అక్కడే కూర్చుండిపోయారు.

చాలాసేపటికి ఈయన నన్ను పిలిచారు. ఎడమచెయ్యి ఆయనది, కుడిచెయ్యి నాది. "లాగకు, మెల్లగా తిప్పు," అని ఆయన చెబుతూనే ఉన్నా ముడి రెండుసార్లు ఊడిపోయింది. రెండోసారి ఆయన నవ్వేశారు. ఆసుపత్రి నుంచి వచ్చాక నవ్వడం ఇదే మొదలు. మూడోసారి పువ్వు నిలిచింది. ఒక రేక కాస్త వంకర పోయింది. వీరాస్వామి గారు కత్తిని కళ్లకద్దుకుని తీసుకెళ్లారు.

ఆ చెయ్యి మళ్లీ వస్తుందో రాదో డాక్టరు గారు తేల్చి చెప్పడం లేదు.

ఇందాక పడుకోబోతూ, "రేపు నీకు గొలుసుముడి నేర్పిస్తా," అన్నారు. సరేనన్నాను. ఇంకో మాట అంటే ఏడుస్తానని వంటింట్లోకొచ్చి ఇది రాసుకుంటున్నాను.