అచ్చు కుదిరింది

సోమవారం, ఉదయం
ఇవాళ్టి నుంచి కొవ్వొత్తులు నేనే చేస్తాను! మైనం వచ్చింది. మల్లెవాసన నూనె వచ్చింది. ఒత్తుల దారం డ్రాయర్లో భద్రంగా పెట్టాను. ఆదివారం అక్క పుట్టినరోజు. నిన్న ఫోన్లో దెప్పింది: నేను మొదలుపెట్టిన పనులు లెక్కించడానికి వేళ్లు చాలవట, పూర్తి చేసినవాటికి వేలే అక్కర్లేదట. గిటారు, ఈత, పెరటి టమాటాలు అన్నీ ఏకరువు పెట్టింది. ఆదివారం నా చేతి కొవ్వొత్తి ఆవిడ చేతిలో పెట్టకపోతే చూడండి.
ఇక మిగిలింది అచ్చు. అదెంతసేపు!

సోమవారం, సాయంత్రం
షాపులో గులాబీ, గవ్వ, గుడ్లగూబ అచ్చులు. అక్క స్వభావానికి గుడ్లగూబే సరి. ఇస్తే మాత్రం నా వీపు విమానం మోత మోగుతుంది. ఏదీ కొనలేదు.

మంగళవారం
కొనడమెందుకు, ఇంట్లో బోలెడన్ని డబ్బాలుండగా? పెరుగు డబ్బాలో వేడివేడిగా పోశాను. డబ్బా కరిగింది. మైనం పొయ్యి గట్టంతా పాకింది. మా ఆవిడ వచ్చి చూసి, అట్లకాడ నా చేతికిచ్చి వెళ్లిపోయింది. రాత్రిదాకా గీకాను.

బుధవారం
గాజు గ్లాసు. మైనం బ్రహ్మాండంగా గట్టిపడింది. బయటికి రాదే! తట్టాను, బతిమాలాను, మరిగే నీళ్లలో ముంచాను. గ్లాసు పగిలింది. అత్తగారిచ్చిన సెట్‌లోది.

గురువారం
విరామం. కొంచెం జలుబు. మైనానికి కూడా అలసట ఉంటుంది కదా. అచ్చుల వీడియోలు మాత్రం వదలకుండా చూశాను. అదీ పనే.

శుక్రవారం
ఇంట్లో టీ తాగడానికి కప్పు లేదు. అన్నింట్లోనూ మైనమే. తప్పంతా కప్పులదే అన్నాను. కొలతగిన్నెలో టీ తాగుతూ మా ఆవిడ, "ఆడలేక మద్దెల ఓడు అన్నారట. ఒక కొవ్వొత్తి కొనేసి ఇవ్వకూడదూ?" అంది. కొంటే అక్క గెలిచినట్టే. ఆ మాట దీనికి అర్థం కాదు.

శనివారం
దొరికింది! మా ఆవిడ కేకుల సిలికాన్ అచ్చు, అలమార పై అరలో. గుండ్రంగా, అంచున పూలు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. పోశాను. ఊడదీశాను. గీతైనా పడలేదు! మా ఆవిడ బాగుందంది. పెళ్లయ్యాక నా పనిని మెచ్చుకోవడం ఇది రెండోసారి. మొదటిదేదో గుర్తు లేదు.

ఆదివారం
అక్క వాళ్లింటికి వెళ్లాం. అక్క కాగితం విప్పింది, వాసన చూసింది. కళ్లు చెమర్చాయి. "ఒరేయ్, మొత్తానికి ఒక్క పని పూర్తి చేశావురా" అంది. నాకూ ఏడుపొచ్చింది. తర్వాత దాన్ని పట్టుకుని స్నానాలగదిలోకి వెళ్లింది. చాలాసేపు నీళ్ల చప్పుడు.
"సబ్బు బాగుంది గానీ నురగ రావట్లేదేరా."
సబ్బా? తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. ఒత్తి లేదు. దారం మా ఇంట్లో, డ్రాయర్లో, భద్రంగా ఉంది. మా ఆవిడ గోడవైపు తిరిగింది, భుజాలు ఊగుతున్నాయి.
నిజం చెబుదామని నోరు తెరిచాను. అక్క అప్పటికే ఫోన్లో పిన్నికి చెబుతోంది, మా తమ్ముడు మారిపోయాడని. ఎంత సంతోషంగా చెబుతోందో!
"మొదటిది కదక్కా," అన్నాను, "తర్వాతవి బాగా నురగొస్తాయి."
డజను చేసిపెట్టమంది.

సోమవారం, ఉదయం
ఇవాళ్టి నుంచి సబ్బులు నేనే చేస్తాను! ఒత్తి బెడద లేదు. అచ్చు ఎలాగూ ఉంది.
అయినా డజనుకీ ఒకే అచ్చు అంటే ఏం బాగుంటుంది? సాయంత్రం ఆ గుడ్లగూబని ఇంకోసారి చూసొస్తాను.