కింద గదికి కెమెరా

ప్రియమైన బావకి,

ఎలా ఉన్నారని అడిగితే "ఆ, ఉన్నాను" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. అందుకే అడగను. సరాసరి పనిలోకి వస్తాను.

మన నాటకాల హాలు మేడ మీద ఉంది కదా. ముప్పై నాలుగు మెట్లు. లిఫ్టు పెట్టడానికి చోటూ లేదు, స్తోమతూ లేదు. ఒకప్పుడు మొదటి వరసలో కూర్చున్నవాళ్ళు ఇప్పుడు మెట్ల దాకా వచ్చి, ఒకసారి పైకి చూసి, వెనక్కి వెళ్ళిపోతున్నారు. టికెట్లు చించే ఆయన "వాళ్ళ ముఖాలు చూడలేకపోతున్నానండీ" అన్నాడు. అందుకని కింద సామాన్ల గది ఖాళీ చేయించాం. పాత కిరీటాలు, కాలు విరిగిన సింహాసనం తీసేసి నలభై కుర్చీలు వేశాం. ఎవరో ఇచ్చిన పెద్ద టీవీ గోడకి బిగించాం. పైన ఆడే నాటకం అప్పటికప్పుడు కింద కనిపించాలి. దానికి కెమెరా కావాలి.

కొట్టువాడు చూపించింది అరచేతిలో పడుతుంది గానీ, ధర మాత్రం ఆకాశంలో ఉంది. ఇరవై రెండేళ్ళు తెర పక్కన కూర్చుని, మర్చిపోయినవాళ్ళకి మాట అందించినదాన్ని. నాకు కెమెరాల సంగతి ఏం తెలుస్తుంది? చవకలో పనికొచ్చేది ఏదో మీరే చెప్పండి.

రమ్మనడం లేదు. అక్క పోయాక ఇక ఆ మెట్లెక్కనన్నారు. ఎక్కకండి. సలహా చాలు.

మీ మరదలు

---

మరదలు పిల్లకి (యాభై దాటినా నాకు పిల్లవే),

ఆశీస్సులు. నేను ఉన్నాను. స్టూడియోలో రోజుకి ఇరవై పాస్‌పోర్టు ఫోటోలు. ఒక్క ముఖమూ నవ్వదు, నవ్వితే పాస్‌పోర్టు ఆఫీసువాళ్ళు తిరగ్గొడతారు కూడా.

ఆ కొట్టువాడి మాట నమ్మకు. ఫోటోలు తీసే కెమెరా వద్దే వద్దు. అరగంటకి వేడెక్కి, రాజు కత్తి ఎత్తిన చోటే కళ్ళు మూసుకుంటుంది. పెళ్ళిళ్ళు తీసేవాళ్ళు కొత్తవి కొని పాతవి వదిలించుకుంటుంటారు. అలాంటి వీడియో కెమెరా ఒకటి చూడు. మూడు సంగతులు అడుగు. గోడ కరెంటుతో మూడు గంటలు ఆగకుండా నడుస్తుందా? దూరం నుంచి ముఖాన్ని లెన్సు అద్దంతోనే దగ్గరికి తెస్తుందా, లేక బొమ్మని సాగదీసి మోసం చేస్తుందా? టీవీకి కలిపినప్పుడు బొమ్మ మీద బ్యాటరీ గుర్తులూ అంకెలూ లేకుండా శుభ్రంగా వస్తుందా? మూడింటికీ అవునంటే, పైన గీతలున్నా తీసుకో. గీత అద్దం మీద మాత్రం ఉండకూడదు.

ఇంకో మాట. ఈ కింద గది నిజంగా ఎవరి కోసం? నన్ను రప్పించే ఎత్తు అయితే ఇప్పుడే మానుకో. నిన్ను ఎరగనా?

మీ అక్క మొగుడు

---

ప్రియమైన బావకి,

కొన్నాం. పెళ్ళిళ్ళ వీడియో ఆయనే అమ్మాడు. మీ మూడు ప్రశ్నలూ అడిగేసరికి "ఎవరమ్మా మీకు నేర్పింది?" అని ధర తనంతట తనే తగ్గించాడు.

నిన్న సాయంత్రం రిహార్సల్‌లో పరీక్షించాం. ఎవరో ఒకరు కింద ఉండాలి కదా, నేను కూర్చున్నాను. ఏం చెప్పను! ముఖాలన్నీ తెల్లగా, కళ్ళూ ముక్కూ లేకుండా! రాజు వేషం కట్టేవాడు దిగివచ్చి చూసుకుని "నేను రాజునా, పిండిబొమ్మనా?" అని అలిగాడు. అది చాలదన్నట్టు, పైన నవ్వు ముందు వినిపిస్తుంది, హాస్యం తర్వాత వస్తుంది. పైకప్పు లోంచి రిహార్సల్ చూడవచ్చినవాళ్ళు గొల్లుమంటారు. నేను కింద నోరు తెరుచుకుని ఎదురుచూస్తాను, అప్పుడు టీవీలో విదూషకుడు మాట అంటాడు. నవ్వు రాదు సరికదా, ఏడుపొస్తుంది.

దర్శకుడు తేల్చి చెప్పేశాడు. "మొదటి ఆట నాటికి ఇది కుదరకపోతే ఆ గదికి తాళం వేసేద్దాం. నాటకాన్ని ఇలా చూపించడం కన్నా చూపించకపోవడమే మర్యాద" అన్నాడు. తప్పు పట్టలేను. కానీ తాళం పడకూడదు బావా. ఏం చెయ్యాలో చెప్పండి.

ఎత్తా అని అడిగారు. మెట్లెక్కలేనివాళ్ళ కోసమని మొదటే రాశాను కదా.

మీ మరదలు

---

మరదలు పిల్లకి,

కంగారుపడకు. కెమెరా మంచిదే, దాన్ని సొంత బుర్రకి వదిలేశారు, అంతే. స్టేజీ వెనక నల్లతెర చూసి అది "అబ్బో, చీకటి" అనుకుని వెలుగు పెంచేస్తుంది, ముఖాలు మాడిపోతాయి. ఆటో అన్నది ఎక్కడ కనిపించినా తీసేయండి. దీపాలన్నీ వెలిగించి, రాజు చెంప మీద చెమట చుక్క కనిపించేదాకా వెలుగు తగ్గించి, అక్కడే బిగించండి. వెనక తెర నల్లగా ఉంటే ఉండనీ. నాటకం తెరలో లేదు, ముఖంలో ఉంది.

నవ్వు సంగతి. తీగ లేకుండా బొమ్మని పంపే డబ్బా ఏదో పెట్టి ఉంటారు. దాన్ని పీకేసి మెట్ల పక్క నుంచి తీగ లాగండి, అంత దూరానికి తగిన లావు తీగ. మాటా బొమ్మా రెండూ అందులోనే రావాలి. టీవీలో పిల్లలు ఆటలు ఆడుకోవడానికని గేమ్ మోడ్ అనే పద్ధతి ఒకటి ఉంటుంది, అది పెట్టండి. బొమ్మకి మెరుగులు దిద్దడం మానేసి వచ్చింది వచ్చినట్టు చూపిస్తుంది.

నేనెందుకు రానో నువ్వు అడగలేదు, నేనే చెబుతాను. మీ అక్క ఆడిన ఆఖరి నాటకాన్ని ఆ రోజు వీడియో తీస్తున్నది నేనే. రెండో అంకంలో మాట మధ్యలో ఆగిపోయింది. ఎంత బాగా ఆగింది అనుకున్నాను. ముఖాన్ని ఇంకా దగ్గరికి తెచ్చాను. నువ్వు తెర పక్క నుంచి పరుగెత్తుకొచ్చావు. నేను ఫోకస్ సరిచేసుకుంటున్నాను. హాలంతా లేచి నిలబడ్డాక గానీ నా కన్ను కెమెరా మీంచి లేవలేదు. ఆ తర్వాత ఆసుపత్రిలో నెల్లాళ్ళు నేను పక్కనే ఉన్నాను. అయితే ఏం లాభం? చూడాల్సినప్పుడు చూడలేదు.

ఇంక ఈ మాట ఎత్తకు.

మీ అక్క మొగుడు

---

ప్రియమైన బావకి,

తీగ లాగాం. ఇప్పుడు పైనా కిందా ఒకేసారి నవ్వుతున్నారు. చెమట చుక్క కూడా కనిపించింది. రాజు శాంతించాడు.

ఎత్తవద్దన్నారు, ఒక్కసారికి ఎత్తుతాను. ఆ రోజు నేను ఏదో కనిపెట్టి పరుగెత్తానని ఇన్నాళ్ళూ అనుకుంటున్నారా? మూడుసార్లు మాట అందించాను. అందుకోలేదు. నాలుగోసారి కోపం వచ్చింది. "ఇంత పెద్దదానివి, మాట మర్చిపోతావా" అని కసురుకోవడానికి వెళ్ళాను. చెయ్యి పట్టుకున్నాకే తెలిసింది. అంత దగ్గర కూర్చున్న నాకే తెలియలేదు బావా, అంత దూరం నుంచి మీకెలా తెలుస్తుంది?

వచ్చే ఆదివారం మొదటి ఆట. కెమెరా తిప్పుతానన్న పెళ్ళిళ్ళాయనకి అదే రోజు పెళ్ళి తగిలింది. కెమెరాని ఒకచోట బిగించి వదిలేస్తాం. రాజు ఎడమ పక్కకి వెళితే కింద మాకు ఖాళీ గోడ కనిపిస్తుంది. సర్దుకుంటాం.

మీ మరదలు

---

మరదలు పిల్లకి,

ఆదివారం చుట్టూ జనం ఉండి రెండు మాటలే మాట్లాడుకున్నాం. మిగతావి రాస్తున్నాను.

ఆ రోజు హాలుకి చేరేసరికి గంట కొట్టేశారు. మెట్లెక్కాను. ఎక్కగలిగాను. నిన్ను కసురుకుందామని తిన్నగా తెర పక్కకి వెళ్ళాను. నీ కుర్చీలో నాటకం రాసినాయన పుస్తకం పట్టుకుని ఉన్నాడు. తన మాటలంటే తనకి ఎంత ముద్దో, నటులకన్నా ముందు తనే అనేస్తున్నాడు.

"మా మరదలేదండీ?" అన్నాను.

"మీకు తెలీదా? మోకాలు పాడై ఆవిడ ఈ మెట్లెక్కి ఏడు నెలలైంది. కింద గదిలో ఉంటుంది" అన్నాడు.

ఏడు నెలలు! నువ్వు ఉత్తరం రాసిందల్లా నన్ను రప్పించడానికే అనుకున్నాను. లోకమంతా నా దుఃఖం చుట్టూనే తిరుగుతోందని అనుకునేవాడికి ఎదుటివాళ్ళ మోకాలు కనిపిస్తుందా? సిగ్గుపడ్డాను. వెళ్ళి కెమెరా పట్టుకున్నాను.

కింద ఉన్నది నువ్వని తెలిశాక పని సులువైపోయింది. ఎవరు మాట్లాడబోతున్నారో వాళ్ళ పెదాల మీదికి ముందే వెళ్ళాను. విదూషకుడు మాట్లాడకుండా పళ్ళెం ఎత్తుకుపోయిన చోట మాత్రం వెనక్కి తగ్గి స్టేజీ అంతా చూపించాను. మధ్యమధ్య కెమెరా మీంచి కన్ను తీసి మామూలుగా చూశాను. నాటకం బాగుంది.

అయిపోయాక దిగివస్తే, గుమ్మంలో ఒక పెద్దావిడ నన్ను నిలదీసింది. "కెమెరా నువ్వేనా నాయనా? బొమ్మ బాగుంది. కానీ ముందు వరసలో ఆవిడెవరో ప్రతి మాటా ముందే చెప్పేస్తోంది. కాస్త చెప్పు!" తప్పకుండా చెబుతానన్నాను. చెప్పను. నువ్వు అందిస్తూనే ఉండు.

మోకాలి సంగతి ఎందుకు రాయలేదంటే "రాస్తే జాలిపడి కెమెరా మీరే కొనిచ్చేస్తారు, నాకు కావలసింది సలహా" అన్నావు. సరే, అయితే ఇంకో సలహా. ఎముకల డాక్టరు దగ్గర గురువారం పదింటికి నీ పేరు రాయించాను. తొమ్మిదికల్లా బండి తీసుకుని వస్తాను. తయారుగా ఉండు. "అయ్యో, ఎందుకండీ" అనడానికి వీల్లేదు, ఆ మాట నీకు ఎవరూ అందించరు.

ఇట్లు,
నీ మోకాలి మీద కోపంగా ఉన్న
బావ