స్కీ చెక్కకు వేసిన అతుకు

బురైదా, సౌదీ అరేబియా,
శుక్రవారం మధ్యాహ్నం

ప్రియమైన అన్నయ్యకు,

నీ చెల్లెలు నాగమణి దండాలు పెట్టి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? నా గురించి బెంగ వద్దు, తిండికి లోటు లేదు. వేడిగాలికి పెదాలు పగులుతున్నాయి, అంతే.

ఫోన్లో చెబితే మధ్యలో నవ్వేస్తావని ఉత్తరం రాస్తున్నాను. రెండు వారాలుగా నాకు కుదురు లేదు. మొన్న బియ్యం ఎసట్లో పోసి పొయ్యి వెలిగించడమే మరిచాను.

మేడమ్ కూతురు నూరా కాలేజీలో చదువుతోంది. ఇసుక దిబ్బల మీద జారడానికి కాళ్లకు కట్టుకునే పొడవాటి చెక్కలు, స్కీలంటారు, సొంతంగా చేస్తోంది. కర్రబద్దలు అతికించి మిషన్‌తో చిత్రిక పడితే అంచు పెచ్చులు లేచింది. నడుమ కణుపు ఊడి బొటనవేలంత గుంట పడింది.

"ఖలాస్, పారేసెయ్ మణీ" అంది ఏడుపు మొహంతో.

చెత్తకుండీ దాకా మోసుకెళ్లాను గానీ చేతులు రాలేదు. వెనక్కి తెచ్చాను. "నేను బాగుచేస్తా."

"నీకేం తెలుసు?"

"మా నాన్న వడ్రంగి."

నాన్న పని నేర్పింది నీకే. నేను పొట్టు ఊడ్చేదాన్ని, కానీ చూస్తూ ఊడ్చేదాన్ని. గుంటను ఉలితో నలుచదరంగా చెక్కి, అదే రకం కర్రముక్కను చెక్కలో నార పోయే వాటం చూసి జిగురుతో బిగించాను. పెచ్చులు లేచినచోట సన్నటి రంపపు పొట్టు జిగురులో కలిపి కూరాను. లోపల ఖాళీ మిగిలితే పైన ఎంత పూత వేసినా అక్కడే విరుగుతుందని నాన్న అనేవాడు కదా. ఆరాక చిత్రిక పట్టాను. నూరా వేలితో ఎంత తడిమినా అతుకు దొరకలేదు.

మేడమ్‌కు కోపం వచ్చింది. "నిన్ను తెచ్చుకుంది వంటకి" అంది.

పోయిన శుక్రవారం నూరా అందరినీ దిబ్బల దగ్గరకు తీసుకెళ్లింది. తను జారుతుంటే నేను చెక్కనే చూస్తున్నాను. సగంలో బోర్లాపడింది. నా ప్రాణం పోయింది. ఇసుక దులుపుకుంటూ లేచి, "పడింది నేను మణీ, నీ అతుకు కాదు!" అని అరిచింది. మేడమ్ కూడా నవ్వేసింది.

వచ్చే నెల నా ఇకామా, అదే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, గడువు తీరుతుంది. ఇంకో రెండేళ్లు ఉండమంటోంది మేడమ్. నీ ఉత్తరం చూశాక చెబుదామనుకుంటున్నాను. చపాతీ కర్ర పట్టుకున్నా నార ఎటు పోతోందో అనే చూస్తున్నాను.

అన్నయ్యా, నేను వచ్చేస్తే వడ్రంగి కొట్లో నీ పక్కన పని చేయనిస్తావా? నలుగురూ ఏమంటారో రాయకు, నీ మనసులో మాట రాయి. కాదన్నా నీ మీద కోపం ఉండదు. వేరే కొట్టు వెతుక్కుంటాను.

వదినకు ఖర్జూరాలు పంపుతున్నాను. పెద్దమ్మకు నా దండాలు చెప్పు. మీ అందరి దీవెనలు కోరుతూ,

నీ చెల్లెలు
నాగమణి