అరవైనాలుగో నంబరు చొక్కా మెడ మీది కుట్టు

పోర్ట్ హేల్,
సెప్టెంబరు, మొదటి సోమవారం

ఒకప్పుడు ఆట చూస్తూ ఒకే దుప్పటి కప్పుకుని నా పక్కన కూర్చున్న మార్గీకి,

రాస్తున్న చెయ్యి నాది కాదు. పక్కింటి ఇలోంకా సాబోది. పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్లు పనిచేసింది. చేతిరాత బాగుంటుందట, నాకేం తెలుసు. మాటలు మాత్రం నావే. "మెల్లగా చెప్పు తల్లీ, నేనేమన్నా మిషనునా" అంటోంది. అది కూడా రాయమన్నాను.

నిన్న రేడియోలో విన్నాను. మన హ్యామర్స్ టీమ్ పుట్టి డెబ్బైఅయిదేళ్లయిందట. ఇన్నేళ్లలో ఆడిన వాళ్లందరిలోంచి యాభైముగ్గురిని ఏరి, ఎప్పటికీ నిలిచే జట్టని ప్రకటిస్తారట. ఏరేది ఏడుగురు, అందులో కోచ్ లెన్ డోలన్ గారి భార్యగా నువ్వు ఒకదానివి. సంతోషం. బంతి పట్టుకుని పరిగెత్తేవాడికి ముందు నిలబడి దారి చేసే ఎడమ గార్డు స్థానానికి రోలీ కెస్లర్ పేరే అనుకుంటున్నారని, ఇంకో మాటే లేదని ఆ రేడియో అబ్బాయి చెప్పాడు. ఎందుకంటే పందొమ్మిది వందల అరవైరెండు ఫైనల్లో, మంచులో, ఆఖరి నిమిషంలో ఇద్దరిని ఒక్క తోపుతో పడేసి గోల్ గీత దాకా దారి చేసింది అరవైనాలుగో నంబరే కదా! ఆ తోపుకే కదా స్టేడియం తూర్పు గేటు దగ్గర కంచు విగ్రహం పెట్టారు!

మార్గీ, ఆ చొక్కాలో ఉన్నది కెస్లర్ కాదు. నా మొగుడు వెర్లిన్ స్టాంపర్. అది నీకు తెలుసు.

తెలియదంటావేమో, గుర్తు చేస్తాను. నాకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. ఇరవైరెండేళ్లు ఆ టీమ్ చొక్కాలు ఉతికినదాన్ని. అప్పట్లో వీపు మీద పేర్లు ఉండేవి కావు, అంకెలే. ఎవరి చొక్కా ఎక్కడ చిరుగుతుందో, ఎవరు నెత్తురు ఏ చేతికి తుడుచుకుంటారో నన్నడగాలి. ఆ రోజు సగం ఆట అయ్యాక మీ ఆయన ఉతికే గదిలోకి వచ్చాడు. కెస్లర్ చొక్కా నా చేతిలో పడేశాడు.

"రోలీ మణికట్టు విరిగింది, ఓర్లీనా. అవతలి వాళ్లకి తెలియకూడదు. వాళ్లు భయపడేది అరవైనాలుగుకే. ఇది నీ మొగుడికి పట్టేట్టు చెయ్యి."

"వాడి మెడ దూలంలా ఉంటుంది, ఇందులో ఎలా దూరుతుంది?"

"పన్నెండు నిమిషాలుంది. దూర్చు."

మెడపట్టీ కోసి, మసిగుడ్డ ముక్క వేసి, మా అమ్మమ్మ కొండల్లో నేర్పిన ఇంటూ గుర్తుల కుట్టు వేశాను. ఎర్రదారం లేదు, నల్లదారంతో వేశాను. వెర్లిన్ అది తొడుక్కుని పైకి వెళ్లాడు. కెస్లర్‌ని నా గదిలోనే, బాయిలర్ పక్కన, కోటు కప్పి దాచారు. నా మొగుడి జీవితం మొత్తంలో గొప్ప తోపుని నేను కళ్లతో చూడనే లేదు. కింద గదిలో ఉండి, జనం కేకలకి పైకప్పు అదిరితే విన్నాను.

పదకొండేళ్లు ఆడిన వాడి గురించి మీ టీమ్ రికార్డుల పుస్తకంలో ఏముందో ఇలోంకా చదివింది. "మొదటి నుంచీ దిగిన ఆటలు నాలుగు." అంతే. నిజం చెప్పు మార్గీ. ఆ ఏడుగురి ముందు లేచి చెప్పు.

ఇట్లు,
ఓర్లీనా స్టాంపర్
(ఇది ఆమె వేసిన గుర్తు: ×)


పోర్ట్ హేల్,
సెప్టెంబరు చివర

మార్గీ,

నీ జవాబు ఇలోంకా రెండుసార్లు చదివింది. రెండుసార్లూ అంత చిన్నదే. "లెన్ పోయాడు, వెర్లిన్ పోయాడు. ఫిల్ములో కనిపించేది అరవైనాలుగు. సాక్ష్యం లేకుండా, చచ్చిపోయిన నా భర్త మీద నిందెలా వేయను?" అన్నావు.

సాక్ష్యం నేను కానా? అవునులే. చదువురాని చాకలి మనిషి సాక్ష్యానికి పనికొస్తుందా?

కోపంలో మొదలుపెట్టాను, ఇలోంకా కలం కింద పెట్టి చూస్తోంది. "ఓర్లీనా, అసలు సంగతి చెప్పు. ఇది మార్గీ మీద కోపం కాదు" అంది. ఎనభైనాలుగేళ్ల దాన్ని పట్టుకుని పంతులమ్మలా అడుగుతోంది. సరే, రాసుకో ఇలోంకా.

కప్పు గెలిచిన మూడో రోజున వెర్లిన్ వంటింట్లో నిలబడి, "పత్రికవాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పేస్తాను" అన్నాడు. మీ ఆయన అప్పటికే నాతో అన్నాడు, ఇది బయటపడితే కప్పు వెనక్కి పోవచ్చని, ముందు పోయేది మాత్రం నా పనేనని. కొండల్లోంచి వచ్చినదాన్ని. ఊళ్లో నాకున్న చోటు ఆ ఉతికే గది ఒక్కటే. ఆ వేడి, ఆ సబ్బు వాసన, అంకెలు చూసి నేను పేర్లు పెట్టి పిలిచే ఆ చొక్కాలు. తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. "నోరు తెరిచావంటే నేను మా కొండలకి వెళ్లిపోతాను" అన్నాను. వాడు టోపీ తీసి మేకుకి తగిలించాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. యాభైరెండేళ్లు ఎత్తలేదు.

విగ్రహం పెట్టాక ప్రతి ఆదివారం ఉదయం చర్చి అయ్యాక ఒక్కడే తూర్పు గేటుకి వెళ్లేవాడు. నేను ఎన్నడూ వెళ్లలేదు. ఇంకొకడి పేరు కింద తన ఒంటిని తను చూసుకుని ఏడవడానికి వెళ్తున్నాడని అనుకునేదాన్ని. వచ్చాక కాఫీ ఇచ్చేదాన్ని, ఎందుకెళ్లావని అడిగేదాన్ని కాదు. వాడు పోయి ఎనిమిదేళ్లు. ఇప్పటికీ ఆదివారం ఆ వేళకి రెండు కప్పులు తీసి, ఒకటి మళ్లీ లోపల పెడతాను.

నోరు మూయించింది మీ ఆయన కాదు మార్గీ, నేను. అందుకే ఆ జాబితాలో వాడి పేరు కావాలి. నేను మింగేసిన పేరు నేనే తిరిగి ఇవ్వాలి.

రేపు కెస్లర్ దగ్గరికి వెళ్తున్నాను. ముసలివాళ్ల ఆశ్రమంలో ఉన్నాడట. మెడ పట్టుకునైనా నిజం చెప్పిస్తాను.

ఓర్లీనా
×


పోర్ట్ హేల్,
అక్టోబరు, రెండో ఆదివారం

నా మార్గీకి,

నా రెండో ఉత్తరం అందాక, ఆ ఏడుగురి కమిటీ ముందు నువ్వు లేచి నిలబడి, "మోసం చేయించింది నా భర్త. ఆ తోపు వెర్లిన్ స్టాంపర్‌ది" అన్నావని తెలిసింది. ఎనభైఆరేళ్ల వయసులో, చేతికర్ర లేకుండా నిలబడ్డావట. ఆ దుప్పటి ఇంకా నా దగ్గరే ఉంది. చలికాలంలో రా, కప్పుకుందాం.

కెస్లర్ సంగతి చెప్పాలి. కయ్యానికి సిద్ధమై వెళ్లాను. కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాడు. మనిషి ఎండిపోయాడు. నన్ను చూడగానే, "బాయిలర్ ఓర్లీనా!" అన్నాడు.

"ఆ, నేనే. దొంగతనంగా తెచ్చుకున్న పేరుతో హాయిగా ఉన్నావా?"

"హాయా? ఆ కమిటీకి రెండుసార్లు ఫోన్ చేశాను. అది నేను కాదురా బాబూ, వెర్లిన్ అన్నాను. 'అలాగే తాతా, అలాగే' అన్నారు. ఇక్కడి నర్సుకి చెబితే మాత్రలు పెంచారు." నవ్వబోయి దగ్గాడు. "మతి పోయిందనుకుంటున్నారు. మతి పోయింది, నిజమే. పొద్దున్న తిన్నది గుర్తుండదు. ఇది మాత్రం పోదు."

నేను తయారు చేసుకెళ్లిన తిట్లన్నీ ఎక్కడికి పోయాయో. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అన్నాను. వెర్లినే వద్దన్నాడు. 'రోలీ, వాళ్లు ముందు వెతికేది కుట్టిన చేతిని. ఓర్లీనాని ఆ గదిలోంచి పంపేస్తారు. పేరుకేముంది, ఉంచుకో' అన్నాడు."

"నేను బెదిరించానని చెప్పలేదా?"

"నువ్వు బెదిరించావా? వాణ్ణా?" ఈసారి నిజంగానే నవ్వాడు. "నీ బెదిరింపుకి ఆగే మనిషి కాదే తల్లీ. ఆదివారాలు ఇద్దరం విగ్రహం దగ్గర కలిసేవాళ్లం. ప్రతిసారీ మెడ వెనక చెయ్యి పెట్టి తడిమేవాడు. 'చూడు, మా ఆవిడ సూది' అనేవాడు. వెళ్లి చూడు."

ఈ ఉదయం చర్చి అయ్యాక వెళ్లాను. అటు గేట్లు మూసే ఉన్నాయి, ఎవరూ లేరు. విగ్రహం ముందుకి వంగి తోస్తున్నట్టు ఉంటుంది కాబట్టి మెడ నా చేతికి అందింది. చిలుము పట్టిన కంచు, చల్లగా ఉంది. మెడపట్టీ వెనక మాత్రం ఒకచోట అరిగి నున్నగా మెరుస్తోంది. అక్కడ వేలు పెట్టాను. ఇంటూ గుర్తులు, మార్గీ. తొమ్మిది. విగ్రహం చేసినవాడు ఫోటో చూసి నా కుట్టుని కూడా వదలకుండా పోతపోశాడు. ఏడోది వంకర. పన్నెండు నిమిషాల్లో వేసింది కదా. కళ్లు మూసుకుని కూడా చెప్పగలను, అది నా చెయ్యి.

ఏడవడానికి వెళ్తున్నాడని నేను అనుకున్న మనిషి అక్కడికి వెళ్లింది నన్ను తడమడానికి. ఆ మాట వాణ్ణి ఒక్కసారి అడిగి ఉంటే, ఒక్క ఆదివారం వెంట వెళ్లి ఉంటే! ఇప్పుడు ఆ నునుపు మీద నా వేలొక్కటే ఉంది.

జాబితా సంగతి రేడియోలో విన్నాను. నువ్వు బాధపడుతూ ఉంటావు, పడకు. కెస్లర్‌ని తీసేశారు, వెర్లిన్‌ని తీసుకోలేదు, వాళ్ల తర్వాత కాలంలో ఆడిన ట్రెమెయిన్ ఓట్స్‌ని తీసుకున్నారు. ఆ పిల్లాడి ఆట పద్నాలుగేళ్లు చూశాను. నా చేతిలో ఓటు ఉంటే నేనూ వాడికే వేసేదాన్ని. ఒక్క సగం ఆటతో ఎప్పటికీ నిలిచే జట్టులోకి రాకూడదు. వెర్లిన్ అయినా అదే అనేవాడు. విగ్రహం కింద పలక మీద పేరు మారుస్తామన్నారట. మారిస్తే మారుస్తారు. నేను దాన్ని ఎలాగూ చదవలేను.

నేను చదవగలిగింది పైన ఉంది. అక్షరాలు రానిదాన్ని, ఈ ఊరి స్టేడియం గేటు దగ్గర ముప్ఫైఅయిదేళ్లుగా సంతకం పెట్టి ఉన్నానని నాకే తెలియదు. ఆ విషయం తెలిసిన వెర్లిన్ నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

వచ్చే ఆదివారం కెస్లర్‌ని కుర్చీతో సహా తీసుకెళ్తాను. కాఫీ రెండు కప్పుల్లో పోసి పట్టుకెళ్తాను.

ఇలోంకా అలవాటుగా కింద ఒక్క గుర్తుకే చోటు వదిలింది. జరగమన్నాను. ఈసారి పూర్తిగా నేనే పెడతాను.

నీ ఓర్లీనా
× × × × × × × × ×